చెట్టు తెలిస్తేనే చార వస్తుంది

మా నారాయణపట్నలో ఇప్పుడు లేస్తున్న ఇళ్లలో చాలావాటికి ద్వారబంధాలు సిమెంటువే. లోపల ఇనుప చువ్వలు పెట్టి అచ్చులో పోసిన బంధాన్ని ట్రాక్టరు మీద తెచ్చి నిలబెడతారు. దానికి చెద పట్టదు, వానకు ఉబ్బదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. తలుపు సంగతీ అంతే, రేకు తలుపో, ఫ్లష్ డోరో. అయితే గృహప్రవేశం దగ్గరపడేసరికి ఆ ఇంటివాళ్లు నన్ను పిలిచి అడిగే మాట ఒక్కటే: "బాబూ, సింహద్వారం టేకులా కనబడాలి."

అలా కనబడేలా చెయ్యడమే నా వృత్తి. కర్రలా చేసే పనిని పెయింటర్లు గ్రెయినింగ్ అంటారు, పాలరాయిలా చేసే పనిని మార్బ్లింగ్ అంటారు. ఈ పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్లు ముందుగా పనిముట్ల గురించి అడుగుతారు. నేను చెట్ల గురించి మొదలుపెడతాను. పోలిక రావాలంటే పుట్టుక తెలియాలన్నది నా నమ్మకం. చెట్టులో చార ఎలా పుడుతుందో, రాయిలో నరం ఎలా పడుతుందో తెలిసిన చేతికి కుంచె లొంగుతుంది. అది తెలియనివాడి చేతికి ఎంత ఖరీదైన పనిముట్టు ఇచ్చినా తలుపు మీద గీతలు మిగులుతాయి, కర్ర రాదు.

మొదటి బడి కోతమిల్లు

మాది కొరాపుట్ జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న కొండ ప్రాంతం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడే దాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా సంతలో కువి, ఒడియా, తెలుగు మూడూ వినిపిస్తాయి. పెద్ద సరుకు కావాలన్నా, పెద్ద పని కావాలన్నా మా చూపు పార్వతీపురం వైపే. నేను మొదట్లో దుకాణాల బోర్డులు ఒడియాలోనూ తెలుగులోనూ రాసేవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చి ఆ పని తగ్గిపోయాక, పార్వతీపురంలో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర గ్రెయినింగ్‌లో చేరాను.

చేరిన రోజే ఆయన అన్నారు: "కుంచె సంగతి తర్వాతరా. ముందు మిల్లుకెళ్లి మొద్దులు సూసి రా. ఏ మొద్దుని ఎలా కోస్తే పలక ఎలాగుంటాదో నాకొచ్చి సెప్పు." ఆ ఒక్క మాటే నాకు విద్య నేర్పిందని ఇప్పటికీ అనుకుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లను కూడా నేను అక్కడికే పంపిస్తున్నాను.

కోతమిల్లులో ఏం చూడాలి? మొద్దు అడ్డకోతలో వలయాలు కనిపిస్తాయి. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి ఊరుకుంటుంది, తొలకరి పడగానే ఎదుగుతుంది. తొలి వానలకు వేసిన కర్రలో రంధ్రాలు పెద్దవి, రంగు కాస్త పల్చన. తర్వాత వేసిన కర్ర గట్టిగా, ముదురుగా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఒక ఏడాది వలయం. మధ్యలో ఉండే చేవ ముదురు గోధుమ రంగులో, బెరడు వైపు చెక్క తెల్లగా ఉంటుంది.

ఆ మొద్దును నిలువునా కోస్తే వలయాలే చారలవుతాయి. ఉల్లిపాయను నడిమికి కాకుండా కొంచెం పక్కకు కోసి చూడండి, ఒకదానిలో ఒకటి ఒదిగిన కమానులు కనిపిస్తాయి. మొద్దును పక్కగా కోసిన పలక మీదా అవే కమానులు వస్తాయి. సరిగ్గా నడిమి గుండా కోస్తే కమానులు ఉండవు, సన్నని నిలువు చారలు పక్కపక్కనే నడుస్తాయి. తలుపు మధ్య పలకకు కమానులు, పక్క పట్టీలకు నిలువు చారలు ఎందుకు వెయ్యాలో ఇక ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. వడ్రంగి పలకలను అలా చూసి చూసి వాడుతాడు, మనం రంగుతో ఆ వడ్రంగినే అనుసరిస్తాం.

కొమ్మ పుట్టినచోట ముడి ఉంటుంది. చారలు ముడిని కోసుకుని పోవు, దాని చుట్టూ ఒంగి మళ్లీ కలుస్తాయి. ఏరు రాయిని తప్పుకుని పోయే తీరు గమనించినవాడు ముడిని తేలిగ్గా గీస్తాడు. మామిడి కర్రలో వలయాలు అంత స్పష్టంగా ఉండవు. పనస లేతగా ఉన్నప్పుడు పసుపు, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది ఆ పనసతోనే, పాత వీణ పక్కన కొత్త వీణ పెట్టి చూస్తే ఒకే కర్రకు ఎన్ని రంగులుంటాయో తెలుస్తుంది. జిట్రేగి ఊదారంగు కలిసిన గోధుమలో నల్లని చారలతో ఉంటుంది. వీటన్నిటినీ ఒకే గోధుమ రంగుతో వేసేసి ఏదడిగినా "ఇది టేకు" అంటే కర్ర ఎరిగినవాడు ఒప్పుకోడు.

తలుపు మీద టేకు

ఇప్పుడు పని వివరం చెబుతాను. సిమెంటు బంధం అయితే మొదటి జాగ్రత్త ఓపిక. పచ్చి సిమెంటులో క్షారం ఉంటుంది. దాని మీద నూనె రంగు వేస్తే నూనె సబ్బుగా మారి పొర ఊడిపోతుంది. అందుకని బంధం కనీసం నాలుగు వారాలు ఆరాలి, ఆ తర్వాత క్షారాన్ని తట్టుకునే సిమెంటు ప్రైమర్ పడాలి. రేకు తలుపుకైతే తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, కర్రకైతే వుడ్ ప్రైమర్. గుంటలకు లప్పం పెట్టి, సాండ్‌పేపరుతో రుద్ది, వేలితో తడిమి చూడాలి. అడుగున గరుకు మిగిలితే పైన వేసే చారలన్నీ అక్కడే తెగిపోతాయి.

దాని మీద అడుగు రంగు. ఇది కర్రలో కనిపించే అతి లేత రంగుకు దగ్గరగా ఉండాలి. టేకుకు పసుపు కలిసిన లేత గోధుమ రంగు సరిపోతుంది. పూర్తి మెరుపున్న ఎనామిల్ వద్దు, సగం మెరుపున్నదే మంచిది. బాగా ఆరాక పైపూత. ఉడికించిన అవిసె నూనె ఒక పాలు, టర్పెంటైన్ రెండు పాళ్లు, గోధుమ రంగు స్టెయినర్ కొద్దిగా, త్వరగా ఆరేందుకు డ్రయ్యర్ కొన్ని చుక్కలు. ఇది అడుగు రంగును కప్పెయ్యకూడదు, లోపలి రంగు పైకి కనబడేంత పల్చగా ఉండాలి. ఎండాకాలంలో నూనె కాస్త పెంచుకుంటే చేతికి వ్యవధి దొరుకుతుంది. మా కొండల్లో నేను ఈ పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేస్తాను.

నీళ్ల రంగుతో పైపూత చేసేవాళ్లూ ఉన్నారు. నూనె అడుగు మీద నీళ్ల పూత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తడి స్పాంజితో సుద్దపొడి అద్ది ముందు ఒకసారి రుద్దితే ఆ ఇబ్బంది పోతుంది.

పూత తడిగా ఉండగానే చార తియ్యాలి. దుకాణాల్లో వంపు తిరిగిన రబ్బరు రోలరు దొరుకుతుంది, దాని మీద వలయాల అచ్చు ఉంటుంది. దాన్ని పైనుంచి కిందికి లాగుతూ మెల్లగా ముందుకూ వెనక్కూ వంచితే కమానులు పడతాయి. మధ్యలో ఆపితే అక్కడ చార విరుగుతుంది. పక్క పలకలో అదే ఎత్తున అదే కమాను పడితే చూడగానే తెలిసిపోతుంది, అందుకే ఒక్కో పలకను ఒక్కో ఎత్తు నుంచి మొదలుపెట్టాలి. కమానులకు రెండు వైపులా దువ్వెనతో నిలువు చారలు లాగాలి. స్టీలు దువ్వెన లేకపోతే ట్యూబు రబ్బరు ముక్కను వెడల్పులు మారేలా పళ్లుగా కోసుకోవచ్చు. పళ్లన్నీ సమానంగా ఉండకూడదు, ఎందుకంటే చెట్టుకు ఏ రెండేళ్లూ ఒకేలా గడవవు.

తర్వాత పొడుగు వెంట్రుకల కుంచెతో చారల మీద తేలిగ్గా కొట్టుకుంటూ పోతే సన్నని గాట్లు పడతాయి, అవే టేకులోని రంధ్రాలు. ఆఖరున మెత్తని పొడి కుంచెతో చార వెంబడి నిమిరితే అంచులు కలిసిపోతాయి. మర్నాడు ఇంకా పల్చని ముదురు పూతతో అక్కడక్కడా నీడ వేస్తే పలకకు లోతు వస్తుంది.

తలుపులో ముందు మధ్య పలకలు, తర్వాత అడ్డ పట్టీలు, ఆఖరున నిలువు పట్టీలు చెయ్యాలి. అడ్డ పట్టీలో చార అడ్డంగా, నిలువు పట్టీలో నిలువుగా నడవాలి. రెండూ కలిసేచోట గీత గీసినట్టు తెగిపోవాలి. రేకు తలుపు మీద ఆ అతుకులు నిజంగా ఉండవు, అయినా వెయ్యాలి. చూసే కన్ను ముందు నమ్మేది అతుకునే, చారను నమ్మేది దాని తర్వాతే.

గడప దగ్గరకు వచ్చేసరికి నేను ఆగుతాను. మన ఇళ్లలో గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు, రోజూ నీళ్లతో కడుగుతారు. అక్కడ ఎంత మంచి చార వేసినా పసుపు పట్టేస్తుంది. కాబట్టి గడపకు పసుపు ఎనామిల్, ఎర్ర బొట్లు వేసి, టేకును నిలువు బంధాలకూ పై బంధానికీ మాత్రం ఉంచమని ఇంటివాళ్లకు చెబుతాను. అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు. చివరి పూత సగం మెరుపు వార్నిష్. అద్దంలా మెరిసే వార్నిష్ వేస్తే మంచి గ్రెయినింగ్ కూడా ప్లాస్టిక్ షీటుగా కనిపిస్తుంది.

రాయి ఎలా ఆలోచిస్తుంది

పాలరాయి పని గుళ్ల స్తంభాలకూ, పెళ్లి మండపాలకూ, హాలు గోడల కింది పట్టీలకూ అడుగుతారు. దీనికీ పుట్టుకే ఆధారం. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ సున్నపురాయి మారి గట్టిపడితే పాలరాయి అవుతుంది. బొర్రా గుహలు చూసినవాళ్లకు సున్నపురాయి పరిచయమే. స్వచ్ఛంగా ఉంటే తెలుపు, రాజస్థాన్‌లోని మక్రానా రాయి అలాంటిది, తాజ్‌మహల్‌కు వాడింది అదే. మట్టి, ఇనుము, బొగ్గుపదార్థం కలిసి ఉంటే బూడిద, పసుపు, ఎరుపు ఛాయలు వస్తాయి. తర్వాత ఎప్పుడో రాయి పగిలి, ఆ పగుళ్లలో వేరే ఖనిజం నిండితే నరాలు పడతాయి.

అంటే నరం అనేది మానిన పగులు. పగులుకు ఒక నడక ఉంటుంది. అది ఏటవాలుగా పోతుంది, చీలుతుంది, కలుస్తుంది, ఒకచోట లావెక్కి ఇంకోచోట సన్నబడుతుంది. రెండు నరాలు కత్తెరలా అడ్డంగా దాటుకుపోవడం అరుదు. చూసిన ప్రతి ఖాళీలో ఒక మెలిక తిప్పేసే అలవాటు ముందు మానుకోవాలి. "బాబాయ్, ఈ నరం ఎక్కడ ఆపాలి?" అని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. "ఆపకురా నాయనా, సన్నం చేసి లోపలికి జారవిడు" అన్నాను.

పద్ధతి ఇది. తెల్లని అడుగు రంగు మీద పల్చని బూడిద పూత అక్కడక్కడా వేసి, నలిపిన పాలిథిన్ కవరుతో గానీ కాగితంతో గానీ అద్దాలి. మెత్తని కుంచెతో అటూ ఇటూ ఊదినంత తేలిగ్గా కదిపితే మబ్బు మబ్బుగా లోతు వస్తుంది. అది తడిగా ఉండగానే కోడి ఈకను వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, తిప్పుతూ లాగితే నరం వస్తుంది. చెయ్యి బిగిస్తే నరం కాస్తా గీత అయిపోతుంది. మొదటి వరస నరాలను మెత్తబరిచి, ఆరాక వాటి మీద కొన్నింటినే పదునుగా మళ్లీ తియ్యాలి. మెత్తనివి రాయి లోపల ఉన్నట్టు, పదునైనవి పైన ఉన్నట్టు కనబడతాయి. పాలరాయిని నిజంగా మెరుగు పెడతారు కాబట్టి దీనికి మాత్రం మెరిసే వార్నిషే తగినది.

ఇంకో నియమం కూడా ఉంది. రాయి నిలవలేని చోట రాయి వెయ్యకూడదు. తలుపు రెక్క మీద, సన్నని చెక్క బీరువా మీద పాలరాయి వేస్తే ఎంత బాగా వచ్చినా మనసు ఒప్పుకోదు. గోడ మీద వేసేటప్పుడు పలకల కొలత ఊహించుకుని మధ్యలో సన్నని అతుకు గీత లాగాలి, అతుకు దాటగానే నరం దారి మారాలి.

మా దగ్గర పాలరాతి గనులు లేవు కానీ రాళ్లకు కొదవ లేదు. తూర్పు కనుమల్లో విరివిగా ఉన్న ఖోండలైట్‌కు ఈ కొండల్లోని కోదుల పేరే పెట్టారు. పూరీ, కోణార్క గుళ్లకు వాడిన రాయి ఇదే. దమన్‌జోడి దగ్గర పంచపట్మాలి కొండ మీద తవ్వుతున్న బాక్సైటు కూడా ఈ రాయి వానలకూ ఎండలకూ మురిగి తయారైందే. మా జంఝావతి ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు కుర్రాళ్లను తీసుకెళ్లి చారల రాళ్లు చూపిస్తాను. వాటిలో చారలు పక్కపక్కనే పొరలుగా నడుస్తాయి, తెల్లని స్ఫటిక నరం వచ్చి ఆ పొరలను కోసుకుపోతుంది. పొర వేరు, నరం వేరు. ఆ తేడా కంటికి పట్టుబడితే గ్రానైటు, పాలరాయి రెండూ చేతికి వస్తాయి.

ఇది చిన్న పని కాదు

ఈ పనిని తక్కువగా చూసేవాళ్లకు కొంత చరిత్ర చెప్పాలి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో గోడల మీద గచ్చుతో పలకలు తీర్చి, పాలరాయి రంగులు వేసిన ఇళ్లు బయటపడ్డాయి. వాటిలో తొలి రకం పని క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిది. మన వైపు మద్రాసు సున్నపు పూత సంగతి చూడండి. గవ్వల సున్నాన్ని మెత్తగా నూరి, పొరలు పొరలుగా వేసి, నున్నని రాయితో రుద్దేవారు. ఆ గోడలు పాలరాయిలా ఉన్నాయని యూరోపు నుంచి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు.

ఇంగ్లండులో బోల్టన్ ఊళ్లో పని నేర్చుకున్న థామస్ కెర్షా అనే పెయింటరు 1855లో పారిస్ ప్రదర్శనలో ఈ కళకే మొదటి తరగతి పతకం పొందాడు. చూసినవాళ్లు అది రంగేనని నమ్మకపోతే అందరి ముందు వేసి చూపించాడని చెబుతారు. ఆయన చేసిన పలకలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. బ్రసెల్స్‌లో 1882లో మొదలైన వాన్ డెర్ కెలెన్ బడి కర్ర, పాలరాయి పోలికలను నేర్పడంలో ఇప్పటికీ పేరున్నది. కొత్త చిత్రకళకు దారి వేసిన జార్జ్ బ్రాక్ కూడా ఇళ్లకు రంగులు వేసే కుటుంబంలో పుట్టి, ఆ పనే నేర్చుకున్నవాడు. 1912లో ఆయన తన బొమ్మల్లో ఓక్ కర్ర అచ్చు వేసిన గోడ కాగితం ముక్కలు అతికించాడు, గ్రెయినింగ్ దువ్వెనను నేరుగా చిత్రకళలోకి తెచ్చాడు.

మన తెలుగువాళ్లకు ఈ కళ నాటకం ద్వారా, సినిమా ద్వారా దగ్గరైంది. 1885లో మొదలైన సురభి నాటక సమాజం తెరల మీద వేసే రాజదర్బారు స్తంభాలు గుడ్డ మీది రంగులే. 1957లో వచ్చిన మాయాబజార్‌కు గోఖలే, కళాధర్ కళా దర్శకులు. చెక్క, ప్లాస్టరు, రంగు కలిసి తెర మీద పురాణకాలపు భవనాలయ్యాయి. ఈనాటి స్టూడియో సెట్లలో కూడా ఆ స్తంభం రాయి అని మనం నమ్ముతున్నామంటే అక్కడ ఎవరో పెయింటరు నరం సరిగ్గా లాగాడన్నమాట.

నేర్చుకునేవాళ్లకు

ఆరోగ్యం ముందు. పాత తలుపు రుద్దేటప్పుడు మూతికి మాస్కు ఉండాలి, దుమ్మును తడిగుడ్డతో తియ్యాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది, అంతకుముందు వేసిన పూతల్లో సీసం ఉండే వీలుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు అవి వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరెయ్యాలి, లేదా నీళ్ల డబ్బాలో వెయ్యాలి.

నిజాయితీ తర్వాతి మాట. టేకు పోలిక వేశామని ఇంటివాళ్లకు చెప్పి వేసేది కళ. టేకు అని చెప్పి అమ్మితే అది మోసం. పాత టేకు తలుపు ఒక మూల పుచ్చిపోతే, ఆ ముక్కకు లప్పం పెట్టి పక్కనున్న అసలు చారతో కలిపెయ్యడం ఈ పనిలో అన్నిటికన్నా గొప్ప పరీక్ష. యంత్రం అచ్చు వేసిన షీటు అక్కడ పనికిరాదు. షీటులో ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది, పక్కనున్న అసలు చారతో కలవడం దానికి చేతకాదు. మన చేతికి బతుకుదెరువు అక్కడే ఉంది.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతున్నాను. ఒక అట్ట మీద ఎనామిల్ వేసి రోజూ ఒక కర్ర వెయ్యండి. పక్కన అసలు కర్ర ముక్క పెట్టుకుని వెయ్యండి, ఫోనులో బొమ్మ చూసి వేయకండి. ముందు ఒక్క టేకునే పట్టండి, అది లొంగాక పనసకు, జిట్రేగికి వెళ్లండి. వేసిన అట్టను ఊళ్లో వడ్రంగికి చూపించండి. ఆయన మిమ్మల్ని మెచ్చుకోనక్కరలేదు. "ఇది ఏ కర్ర బాబాయ్?" అని అడిగినప్పుడు తడుముకోకుండా చెట్టు పేరు చెప్పాడంటే మీకు పని వచ్చినట్టే. ఆ తర్వాత ధైర్యంగా కూలి అడగండి, అది మీ కంటికీ చేతికీ న్యాయంగా రావలసిన కూలి.